ఇరవై రెండో అధ్యాయం

పాతపట్నం మిషన్ బడి బీరువాలో
నాకంటే ముందు చెదలు చదివిన పుస్తకం.
అట్ట మీద బంగారు రంగు తాటిచెట్టు.
గీసినవాడు లండన్ దాటి ఉండడు,
తాటి మొద్దుకి కొబ్బరాకులు తగిలించాడు.
దాని నీడన మోకరిల్లిన పిల్ల పేరు ఫీబీ.

ఆ పిల్ల పేరు నూకాలు.
మా ముత్తవ్వ తల్లి.

రాసినామె లెటీషియా క్రాంబీ దొరసాని.
పద్దెనిమిది వందల అరవైల్లో ఎప్పుడో
ఓడ దూరంగానే లంగరేస్తే
మసూలా పడవ కుదుపుల్లో
టోపీ ఒక చేత్తో, బైబిలు ఒక చేత్తో పట్టుకుని
పడవంచు పట్టుకోడానికి మూడో చెయ్యి లేక
తడిసి ముద్దై దిగిందట.

పగలు బడి. రాత్రి నవల.
దంతపు చెక్కడాల రాతపెట్టె, మన ఊరి పనితనమే,
మూత తీస్తే గంధం వాసన.
దీపం చుట్టూ ఉసిళ్ళు,
తెల్లారేసరికి కాగితాల నడుమ రెక్కలు.
పదకొండు నవలలు. అన్నింట్లోనూ
ఆఖర్న ఎవరో ఒకరు ప్రార్థన చేస్తూ పోతారు.
ఓడలో వచ్చే ఉత్తరాల్లో
అచ్చువేసేవాళ్ళు అడిగేది అదేనట:
కన్నీళ్ళు ఇంకొంచెం, మిస్ క్రాంబీ.

గత్తరొచ్చిన ఏడు నూకాలు తల్లి పోయింది.
పుస్తకంలో గంజి కాచిపోసే తెల్లామె
చెమటైనా పట్టని దేవదూత.
నిజానికి వసారా వెనక్కి పోయి వాంతి చేసుకుని
మూతి తుడుచుకుని
మళ్ళీ వచ్చి గరిటె పట్టుకుందని
మా ఇంట్లో చెప్పుకుంటారు.
ఆ వాంతి గురించి ఆమె ఎక్కడా రాయలేదు.
నాకు ఆమె నచ్చేది అక్కడే.

ఇరవై రెండో అధ్యాయం.
కిటికీలో సముద్రం తెల్లబడుతుంది.
ఫీబీ చెయ్యి చాపి
వచ్చేస్తున్నానని ఎవరికో చెప్పి
నవ్వుతూ కన్నుమూస్తుంది. పద్నాలుగేళ్ళు.

నూకాలు డెబ్బై తొమ్మిదేళ్ళు బతికింది.
ఏడు కాన్పులు, నలుగురు మిగిలారు.
నెత్తి మీద చేపల గంప.
ఆదివారం చర్చిలో ముందు వరస,
బయటికొస్తే అడ్డపొగ,
నిప్పు నోట్లోకి, మొదలు బయటికి.
దొరసాని నేర్పిన అక్షరాలతో
వలల షావుకారి చిట్టా చదివి
మూడు రూపాయలు ఎక్కువ రాశాడని
నడివీధిలో నిలబెట్టింది.

ముసలైపోయాక ఒకరోజు
ఓడ దిగి ఒక పెద్దామె వచ్చింది,
చిన్నప్పుడు ఆ పుస్తకం చదివి దిండు తడిపినామె.
చేతిలో పూలు. ఫీబీ సమాధి ఎక్కడ?
పంతులమ్మ తెలుగులో చెప్పాక
నూకాలుకి అర్థం కావడానికి కాస్త పట్టింది.
"నాను సచ్చిపోనానా? ఎప్పుడే గుంటా?"
నవ్వీ నవ్వీ దగ్గింది.
తరవాత నవ్వలేదు.

తెల్లోళ్ళ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళి
పల్లేరుకాయలు కాలితో తోసి
సగం పేరు ఊడిపోయిన రాయి చూపించింది.
ఇది కాదంది వచ్చినామె.
"ఇదేనమ్మా. సచ్చిపోనాది ఈవిడే.
ఈవిడికీ ఓ పువ్వెయ్యి."

తిరిగొచ్చేటప్పుడు ఆమెకి
అరడజను కానాగంతలు అమ్మింది.
బేరానికి ఒప్పుకోలేదు.

ఫీబీ చావు బాగా అమ్ముడుపోయింది.
ఆ డబ్బుతో దొరసాని బడిలో బావి తవ్వించింది.
మా అమ్మ తాగింది, నేనూ తాగాను.
వేసవిలో కాస్త ఉప్పగా ఉండేవి నీళ్ళు.

ఇప్పుడు కేటలాగు రిజిస్టరు నా ముందుంది.
పుస్తకం మొదటి పేజీలో 'యథార్థ కథ' అని ఉంది.
'రకం' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
రేవులో ఓడ కూసింది, ఇంకోసారి కూసింది.
ఆ గడి అలాగే వదిలి, రిమార్కుల్లో
'చెదలు. మందు కొట్టాలి' అని రాశాను.
ఇంకో మాటకి చోటు చాల్లేదు.